కొవ్వులోని నెత్తురు దారులు

(గోదావరిఖనిలో చేసిన స్మారకోపన్యాసం ముద్రిత పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతోందో ఆ డాక్టరుగారి పేరు నా వెనక బ్యానర్ మీద ఉంది. ఆయన రాసిన మందు మింగని ఇల్లు ఈ కాలనీల్లో తక్కువ. తెల్లకోటు జేబులో స్టెతస్కోపుతో పాటు దర్జీలు వాడే టేపు ఒకటి పెట్టుకునేవారు. దగ్గని వచ్చినా, మోకాలు నొప్పని వచ్చినా ముందు నిలబెట్టి నడుం కొలిచేవారు. బరువెంత పెరిగిందని అడిగేవారు కాదు, బెల్టు ఎన్నో రంధ్రానికి వచ్చిందని అడిగేవారు. కొలిచిన అంకెను ఓపీ చీటీ మీద ఎర్రసిరాతో రాసేవారు. ఆ అలవాటు వెనక ఉన్న శాస్త్రం గత పాతికేళ్లలో చాలా విస్తరించింది. ఆయన టేపుతో పైనుంచి పట్టుకున్నదాన్ని ఇవాళ ప్రయోగశాలల్లో కణం కణం విడదీసి చూస్తున్నారు. ఆయనకు నివాళిగా ఆ సంగతి మీతో పంచుకోవడమే సబబని నాకు తోచింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ఒంట్లో కొవ్వు ఉండటం జబ్బు కాదు. పెరిగిన కొవ్వుకు తగినన్ని నెత్తురు దారులు పెరగకపోతే, ఉన్న దారుల లోపలి గోడ చెడిపోతే, అప్పుడు మొదలవుతుంది జబ్బు. తూకం యంత్రం ఆ గోడ సంగతి చెప్పలేదు.

కొవ్వును చాలాకాలం వైద్యులు కూడా చిన్నచూపు చూశారు. ఆపరేషన్లో కోసి పక్కకు నెట్టే పదార్థంగానే చూశారు. 1994లో అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ను కనిపెట్టాక ఆ చూపు మారింది. ఆకలి తీరిందా లేదా అని మెదడుకు కబురు పంపే హార్మోన్ కొవ్వు నుంచే పుడుతోందని తేలింది. అంతకు ముందే, 1993లో, ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వులో టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే వాపు పదార్థం ఎక్కువగా తయారవుతోందని, అది ఇన్సులిన్ పనికి అడ్డుపడుతోందని గోఖన్ హోటమిస్లిగిల్ చూపించాడు. కొవ్వు కూడా గుండెలాగా, కాలేయంలాగా పనిచేసే అవయవమేనని ఒప్పుకోక తప్పలేదు. ప్రతి అవయవానికీ నెత్తురు కావాలి. కొవ్వుకూ కావాలి.

ఆ నెత్తురు దారి ఎక్కడుందో చూద్దాం. 2022లో రామగుండానికి మెడికల్ కాలేజీ వచ్చింది కాబట్టి ఈ మాట ఆ కాలేజీ పిల్లలతో అంటాను. కొవ్వు ముక్కను స్లైడు చేసేటప్పుడు వాడే ద్రావకాల్లో లోపలి కొవ్వు కరిగి కొట్టుకుపోతుంది. అందుకే మైక్రోస్కోపు కింద కొవ్వుకణాలు ఖాళీగా, తెల్లగా, గుండ్రంగా కనిపిస్తాయి. అంచున సన్నని గులాబీ గీత, ఆ గీతలోనే ఒక పక్కకు నెట్టుకుపోయిన కేంద్రకం. కొత్తగా చూసేవాళ్ల కళ్లు ఆ తెల్లటి గుండ్రాల మీదే నిలుస్తాయి. మీరు మాత్రం మూడు కణాలు కలిసే మూలకు పోయి, లెన్సు పెంచి చూడండి. అక్కడ ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో ఒక ఎర్రకణం, మహా అయితే రెండు. ఆ రంధ్రమే కేశనాళిక. దాని వెడల్పు సుమారుగా ఎర్రకణమంతే, మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఏడో ఎనిమిదో. ఎర్రకణాలు ఒకదాని వెనక ఒకటి వరసగా పోవాల్సిందే. దాని గోడ అంతా కలిపి పల్చగా చుట్టుకున్న ఒకటి రెండు కణాలే. వాటినే ఎండోథీలియల్ కణాలంటాం. ఇవాళ్టికి లోపొర కణాలందాం. ఆరోగ్యంగా ఉన్న కొవ్వులో ఇంచుమించు ప్రతి కొవ్వుకణాన్నీ ఒక కేశనాళిక తాకుతూ ఉంటుంది.

ఈ లోపొర కణం ఊరికే నెత్తురు కారకుండా అడ్డం నిలబడటం లేదు. మనం తిన్న కొవ్వు పేగు నుంచి ట్రైగ్లిజరైడ్ల రూపంలో నెత్తుట్లోకి వస్తుంది. ఆ రూపంలో అది కొవ్వుకణంలోకి పోలేదు. దాన్ని తెంపడానికి లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము కావాలి. ఎంజైమును తయారు చేసేది కొవ్వుకణం, దాన్ని నాళం లోపలి ముఖానికి చేర్చి పట్టి నిలబెట్టేది లోపొర కణం. అక్కడ ట్రైగ్లిజరైడ్ తెగుతుంది, ఫ్యాటీ ఆమ్లాలు విడుదలవుతాయి, వాటిని లోపొర కణం తన గుండా దాటించి అవతలి కొవ్వుకణానికి అందిస్తుంది. ఇన్సులిన్ పోవాలన్నా ఈ గోడ దాటాలి. అన్నం తిన్నాక నాళం కొంచెం వెడల్పై కొవ్వుకు నెత్తురు ఎక్కువగా పారాలి. సన్నగా ఉన్నవాళ్లలో అలాగే పారుతుందని, ఊబకాయుల్లో భోజనానంతరం ఆ పెరుగుదల మందగిస్తుందని ఆక్స్‌ఫర్డ్‌లో కీత్ ఫ్రేన్, ఫ్రెడ్రిక్ కార్పే ఏళ్ల తరబడి కొలిచి చూపించారు. తిన్న కొవ్వు దాని చోటికి అది చేరకపోతే ఎక్కడికి పోతుంది? కాలేయానికి, కండకు, గుండె చుట్టూ చేరుతుంది. చేరకూడని చోట చేరిన ఆ కొవ్వే ఇన్సులిన్‌ను పనిచేయనీయదు.

నాళాన్ని వెడల్పు చేసేది కూడా ఈ లోపొర కణమే. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళపు ముక్కలతో ఒక ప్రయోగం చేశాడు. లోపొర చెదరకుండా ఉన్న ముక్క మందు తగలగానే సడలింది. లోపొరను గీకేసిన ముక్క సడలలేదు. అంటే సడలమని చెప్పే సంకేతం ఆ పల్చటి పొర నుంచే వస్తోంది. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్‌తో పాటు ఇగ్నారో, మ్యూరాడ్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇన్సులిన్ తన పని తాను చేసుకోవడానికి కూడా ఈ నైట్రిక్ ఆక్సైడే దారి తెరుస్తుంది. కాబట్టి లోపొర జబ్బుపడితే ఇన్సులిన్ గడప దగ్గరే ఆగిపోతుంది.

ఇక కొవ్వు పెరగడం సంగతి. పెద్దయ్యాక మన ఒంట్లో కొవ్వుకణాల సంఖ్య పెద్దగా మారదు. స్వీడన్‌లో కిర్‌స్టీ స్పాల్డింగ్ బృందం 2008లో ఈ సంగతి తేల్చిన తీరు విచిత్రమైనది. 1950లలో, 60లలో జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల గాల్లో కలిసిన కార్బన్-14 అప్పట్లో పుట్టిన కణాల డీఎన్ఏలో మిగిలిపోయింది. దాన్నిబట్టి కణాల వయసు లెక్కకట్టారు. కొవ్వుకణాల్లో ఏడాదికి పదో వంతు చచ్చి కొత్తవి వస్తాయి గానీ, మొత్తం లెక్క చిన్నతనంలో, యవ్వనంలో కుదురుకున్నదే. అంటే నలభైల్లో పొట్ట వస్తోందంటే ఎక్కువ భాగం పాత కణాలే ఉబ్బుతున్నాయన్న మాట. ఉబ్బిన కణం అడ్డం కొలత వంద మైక్రాన్లు దాటుతుంది. నాళం నుంచి ఆక్సిజన్ కణజాలంలోకి ఇంకగలిగే దూరం కూడా అటూ ఇటూగా అంతే.

ఇక్కడ బొగ్గుబాయి సంగతి ఎత్తక తప్పదు. ఎందుకంటే గాలి గురించి ఈ సభలో కూర్చున్న గని సర్దార్లకు, ఓవర్‌మన్‌లకు నాకన్నా బాగా తెలుసు. బొగ్గు కోసే ఫేసు ముందుకు నడిచేకొద్దీ గాలినీ ముందుకు నడపాలి. ఇన్‌టేక్‌లో వచ్చిన గాలి చివరి ఫేసు దాకా పోయి రిటర్న్‌లో బయటపడాలి. బొగ్గుగనుల నిబంధనలు పెద్ద షిఫ్టులో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్ల గాలి, లేదా రోజు ఉత్పత్తిలో టన్నుకు 2.5 ఘనపు మీటర్లు, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలంటాయి. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదంటాయి. ఉత్పత్తి పెంచి ఫ్యాను పెంచకపోతే, ఫేసు పోయినంత దూరం గాలిని మళ్లించే బ్రాటిస్ గుడ్డ కట్టకపోతే ఏమవుతుందో మీకు ఒంటితో తెలుసు. ముందు చెమట, తర్వాత తలనొప్పి, ఆ తర్వాత ప్రాణం మీదికి. ఉబ్బిన కొవ్వులో జరిగేది ఇదే. టన్నులు పెరిగాయి, గాలి పెరగలేదు.

మొదట్లో శరీరం ఊరుకోదు. ఆక్సిజన్ తగ్గగానే కొవ్వుకణం వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంది. దాని కబురు అందుకున్న లోపొర కణాలు విభజన చెంది, పక్కకు మొలకెత్తి కొత్త నాళాలు వేస్తాయి. ఈ దశలో మనిషి లావైనా ఆరోగ్యంగానే ఉండొచ్చు. లావుగా ఉండి కూడా షుగరు, బీపీ లేనివాళ్లు మన చుట్టూ ఉన్నారు. కానీ తిండి ఆగదు, కణం ఉబ్బడం ఆగదు. ఒక హద్దు దాటాక కొత్త నాళాలు మొలిచే పని మందగిస్తుంది. ఆక్సిజన్ కొరత తెలిపే ప్రొటీన్లు కొవ్వులో నాళాల బదులు గట్టి కొలాజెన్ నారలను పేర్చడం మొదలుపెడతాయి. డల్లాస్‌లో ఫిలిప్ షెరర్ బృందం ఎలుకల్లో దీన్ని వివరంగా చూపించింది. నారలు పేరుకున్న కొవ్వు సాగదు. కొత్తగా వచ్చే కొవ్వును అది పట్టుకోలేదు.

ఇవన్నీ ఎలుకల మాటలేనా, మనుషుల సంగతేమిటని మీరు అడగాలి. 2009లో అమెరికాలోని లూసియానా రాష్ట్రం, పెన్నింగ్‌టన్ కేంద్రంలో మాగ్దలేనా పసారికా బృందం మనుషుల పొట్ట కొవ్వులోకి సన్నని కొలత పరికరం దించి ఆక్సిజన్ చూసింది. లావుగా ఉన్నవాళ్ల కొవ్వులో ఆక్సిజన్ తక్కువగా ఉంది. కేశనాళికల సాంద్రత 44 శాతం తక్కువ, వీఈజీఎఫ్ 58 శాతం తక్కువ. ఇంకేముంది, లెక్క కుదిరిందనుకున్నారు. రెండేళ్లకు, 2011లో, నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ నుంచి గైస్ గూసెన్స్ బృందం వేరే పద్ధతిలో కొలిచి, ఊబకాయుల కొవ్వులో ఆక్సిజన్ ఎక్కువగానే ఉందని ప్రకటించింది. రెండూ నిజాయితీగా చేసిన పనులే. ఈ తగువులో నాకు కనిపించే సంగతి ఒకటుంది. మాస్ట్రిక్ట్ వాళ్లు కూడా ఊబకాయుల కొవ్వులో కేశనాళికలు తగ్గాయనే చూశారు. నెత్తురు కూడా తక్కువే పారుతోంది. అయినా ఆక్సిజన్ మిగిలిందంటే, ఆ కణజాలం ఆక్సిజన్ వాడుకోవడమే తగ్గించేసింది. మిషన్లు ఆగి, మనుషులు బయటికొచ్చేసిన ఫేసులో రీడింగు బాగానే వస్తుంది. దాన్ని చూసి వెంటిలేషన్ బాగుందని ఏ సర్దారూ సంతకం పెట్టడు. ఆక్సిజన్ లెక్క మీద శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. నాళాలు చాలడం లేదన్న దాని మీద వాదన లేదు.

ఉన్న నాళాల సంగతి చూద్దాం. మోయలేనంత కొవ్వు దాటించాల్సి వచ్చినప్పుడు, చుట్టూ వాపు పదార్థాలు నిండినప్పుడు లోపొర కణం స్వభావం మారుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. నున్నగా ఉండాల్సిన గోడ మీద తెల్లకణాలను పట్టుకునే అణువులు మొలుస్తాయి. ఐక్యామ్, వీక్యామ్, ఈ-సెలెక్టిన్ అని వాటి పేర్లు. నెత్తుట్లో పోయే మోనోసైట్లు అనే తెల్లకణాలు వాటికి అతుక్కుని, గోడ దాటి, కొవ్వులోకి దిగి మాక్రోఫేజ్‌లవుతాయి. 2003లో రెండు అమెరికా బృందాలు ఊబకాయుల కొవ్వులో ఈ మాక్రోఫేజ్‌లు కుప్పలుగా చేరుతున్నాయని ఒకేసారి ప్రకటించాయి. రెండేళ్లకు ఇటలీలో సావేరియో చింటి బృందం అవి చచ్చిపోతున్న కొవ్వుకణం చుట్టూ వలయం కట్టి కూర్చుంటాయని చూపించింది. ఆ స్లైడులో మధ్యన ఒక తెల్లటి గుండ్రం, దాని చుట్టూ కిక్కిరిసిన నల్లని కేంద్రకాలు. ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు. ఆ మాక్రోఫేజ్‌లు వదిలే పదార్థాలు తిరిగి లోపొరనే దెబ్బతీస్తాయి. అక్కడి నుంచి అది దానంతటదే తిరిగే చక్రం.

ఇంకొకటి. కణాలకు ముసలితనం వస్తుంది. చావవు, కొత్తవాటికి జన్మనివ్వవు, కూర్చున్నచోటే కూర్చుని చుట్టుపక్కల వాపు పెంచుతాయి. 2010లో ఫ్రాన్స్‌లోని తులూజ్ బృందం ఊబకాయం ఉన్న మనుషుల కొవ్వులో లోపొర కణాలను వేరుచేసి చూసింది. చర్మం కింది కొవ్వులో ఉన్నవాటికన్నా పొట్ట లోపల పేగుల చుట్టూ ఉండే కొవ్వులోని కణాల్లో వాపు లక్షణాలు, ముసలి లక్షణాలు ఎక్కువగా ఉన్నాయి. ఆ మరుసటేడు అమెరికాలోని వూస్టర్‌లో సిల్వియా కోర్వేరా ప్రయోగశాలలో మనుషుల కొవ్వు ముక్కలను గిన్నెల్లో పెంచి, ఎన్ని కొత్త నాళాలు మొలుస్తాయో లెక్కపెట్టారు. చర్మం కింది కొవ్వు ముక్కల నుంచి ఎక్కువ మొలిచాయి, లోపలి కొవ్వు నుంచి తక్కువ. బాగా లావైనవాళ్లలో చర్మం కింది కొవ్వు కూడా ఆ శక్తి కోల్పోయింది. డాక్టరుగారు తూకం మాని టేపు ఎందుకు పట్టారో ఇక్కడ తెలుస్తుంది. తొడల మీద, పిరుదుల మీద పెరిగే కొవ్వు నాళాలు వేసుకుంటూ పెరుగుతుంది. లోపలి కొవ్వు ఆ పని అంత బాగా చేయలేదు. పైగా పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నెత్తురు పోర్టల్ సిర ద్వారా సరాసరి కాలేయానికే పోతుంది.

మన తెలుగువాళ్లకు, మన దేశస్థులకు ఇది మరీ ముఖ్యం. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌లో డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. బీఎంఐ ఒకటే, లోపలి సరుకు వేరు. అందుకే మన దేశంలో బీఎంఐ 23 దాటితే అధిక బరువని, 25 దాటితే ఊబకాయమని, నడుం మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదని వైద్యులు గీత గీశారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరుంది. బరువు లెక్కన ఊబకాయం 28.6 శాతం మందికైతే, నడుం లెక్కన 39.5 శాతం మందికి.

బరువు తక్కువున్నా లోపల కొవ్వు ఎక్కువుండే ఈ లక్షణం ఎప్పుడు పడుతుందన్న ప్రశ్నకు మన నేల మీదే ఒక జవాబు దొరికింది. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, ఎయిమ్స్‌కు, ఐసీఎంఆర్‌కు అధిపతి అయిన వులిమిరి రామలింగస్వామి 1996లో ఒక ప్రశ్న వేశారు. ఆఫ్రికా కన్నా దక్షిణాసియా పిల్లల్లో పోషకాహార లోపం ఎందుకు ఎక్కువ? ఆడవాళ్లు తినీ తినక గర్భం మోయడం వల్ల పిల్లలు తక్కువ బరువుతో పుట్టడమే మూలమని ఆయన వాదించారు. అంతకు కొన్నేళ్ల ముందే, 1987–90 మధ్య, హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం నడిపింది. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఐసీడీఎస్ పథకం ద్వారా అదనపు తిండి అందింది. 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక సంజయ్ కిన్రా బృందం వాళ్లను మళ్లీ వెతికి పరీక్షించి, 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు వేసింది. తిండి అందిన ఊళ్ల పిల్లలు కాస్త పొడుగ్గా ఉన్నారు. ఇన్సులిన్ నిరోధకత తక్కువ. రక్తనాళాల బిరుసు తక్కువ. తల్లి కడుపులో ఉన్నప్పుడు, చిన్నతనంలో అందిన గుప్పెడు తిండి పదిహేనేళ్ల తర్వాత బిడ్డ నాళాల మెత్తదనంలో కనిపించింది. తెలుగు పల్లెల నుంచి ప్రపంచ వైద్యానికి అందిన పెద్ద పాఠాల్లో ఇదొకటని నా నమ్మకం. దీని గురించి మన బడి పుస్తకాల్లో ఒక్క పేరా అయినా ఉండాలి. అదే సంస్థలో, తార్నాకలో, 1996లో ఎన్.వి. గిరిధరన్ బృందం పుట్టుకతోనే ఊబకాయం వచ్చే ఎలుకల జాతి ఒకదాన్ని గుర్తించింది. మామూలు ఎలుక కన్నా ఎంతో ఎక్కువగా ఉబ్బే ఆ ఎలుకల మీద ఇప్పటికీ పరిశోధన నడుస్తోంది.

మందుల మాట అడుగుతారని తెలుసు, కాబట్టి త్వరగా చెబుతాను. నాళాలు కొవ్వును పోషిస్తున్నాయంటే, నాళాలు కోసేస్తే కొవ్వు పోతుంది కదా అని బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో జూడా ఫోక్‌మన్ ఆలోచించాడు.  2002లో ఫోక్‌మన్ బృందం నాళాలు మొలవకుండా చేసే మందులు లావు ఎలుకలకు ఇచ్చింది. ఎలుకలు చిక్కాయి. మందు ఆపగానే మళ్లీ లావెక్కాయి. 2011లో కొవ్వు నాళాలను వెతికి చంపే మందును లావు కోతులకిస్తే నాలుగు వారాల్లో 11 శాతం బరువు తగ్గాయి, కానీ మూత్రపిండాల మీద ప్రభావం కనిపించింది. 2012లో షెరర్ బృందం ఇంకో మెలిక చూపించింది. ఊబకాయం మొదలయ్యే దశలో కొవ్వులో నాళాలు పెంచితే ఎలుక బాగుపడింది. కొవ్వు అప్పటికే చెడిపోయాక నాళాలు అడ్డుకుంటే బాగుపడింది. ఒకే పని, వేళను బట్టి మేలో కీడో. అందుకే నేను గాలి ముందు వేయమంటాను. ఫేసు పాడయ్యాక చేసే మరమ్మతు వేరే కథ.

బరువు తగ్గించే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ సూదుల గురించి మీరు టీవీల్లో వింటున్నారు. 17,604 మందితో జరిగిన సెలెక్ట్ పరీక్షలో, షుగరు లేని అధిక బరువు గుండె రోగుల్లో సెమాగ్లూటైడ్ గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలను కలిపి 20 శాతం తగ్గించింది. మంచి మందులే. డాక్టరు రాస్తే వాడండి, మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు. కానీ 2024లో జ్యూరిక్ శాస్త్రవేత్తలు చూపించిన దాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. బరువు తగ్గిన తర్వాత కూడా కొవ్వు కణజాలం పాత ఊబకాయపు గుర్తులను తన జన్యువుల మీద మోస్తూనే ఉంటుంది. తగ్గించుకోవడం కన్నా రాకుండా చూసుకోవడమే తేలిక.

ఇప్పుడు మన బొగ్గుగనుల ప్రాంతం, కోల్‌బెల్టు సంగతి. మా నాయిన ఫిల్లరు. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బులు నింపి వచ్చేవాడు. గంపెడన్నం తిన్నా ఒంటికి పట్టేది కాదు. ఆ పని మళ్లీ రావాలని నేను అనను. అది నడుములు విరిచింది, ఊపిరితిత్తులు తిన్నది. బొగ్గెత్తే ఎస్డీఎల్‌ యంత్రాలు వచ్చాయి, కంటిన్యువస్ మైనర్లు వచ్చాయి, అడ్రియాలలో లాంగ్‌వాల్ వచ్చింది, ఓపెన్‌కాస్టుల్లో డంపర్లు వచ్చాయి. ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపులకు తగ్గారు. పని మారింది, కంచం మారలేదు. ఎనిమిది గంటలు డంపర్ సీటు మీద కూర్చునే ఆపరేటరు ఫిల్లరు కంచంలోనే తింటున్నాడు. మధ్యలో మిర్చి బజ్జి, చక్కెర చాయ్. మూడో షిఫ్టులో రాత్రి రెండింటికి టిఫిన్ విప్పుతాడు. నిద్రపోవాల్సిన వేళ తిన్న తిండిని శరీరం సరిగా సర్దుకోలేదు. షిఫ్టు పనివాళ్లలో ఊబకాయం, షుగరు ఎక్కువని ఎన్నో దేశాల్లో తేలింది. ఇందులో కార్మికుడి బద్ధకం ఏమీ లేదు. షిఫ్టు చార్టు వేసేది ఆయన కాదు.

కాబట్టి యాజమాన్యాన్ని, యూనియన్లను అడగాల్సినవి అడుగుతున్నాను. మైన్స్ రూల్స్ ప్రకారం ప్రతి కార్మికుడికీ గడువుకు పీఎంఈ అనే వైద్యపరీక్ష జరుగుతుంది. ఎక్స్‌రే తీస్తారు, ఊపిరి పరీక్ష చేస్తారు. ఆ ఫారంలో నడుం కొలతకు ఒక గడి ఉండాలి, పోయినసారి కొలత దాని పక్కనే ఉండాలి. కొలిచే పద్ధతీ ఒక్కటే ఉండాలి. చొక్కా పైకెత్తి, కింది పక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు నడిమధ్యన టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడాలి. పొట్ట బిగబట్టిన కొలత కొలత కాదు. క్యాంటీన్లో మూడో షిఫ్టు వాళ్లకు నూనె పిండివంటల బదులు గుగ్గిళ్లు, ఉడికించిన గుడ్లు, మజ్జిగ దొరకాలి. వేతన ఒప్పందం చర్చల్లో అలవెన్సుల పక్కన ఈ మాట కూడా ఉండాలి. ఇది చిన్న డిమాండు అనుకునేవాళ్లు మెడికల్ బోర్డు ముందు గుండెజబ్బుతో అన్‌ఫిట్ సర్టిఫికెట్ కోసం నిలబడ్డ తమ్ముళ్లను ఒకసారి అడగాలి.

చివరిది క్వార్టర్లలోని ఆడవాళ్ల గురించి. పీఎంఈ కార్మికుడికి ఉంది, మూడు షిఫ్టులకూ ఆయనకు టిఫిన్ కట్టే ఆమెకు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో దేశంలో నడుం చుట్టూ ఊబకాయం మగవాళ్లలో 12 శాతమైతే ఆడవాళ్లలో 40 శాతం. ఇందాక చెప్పిన కోర్వేరా బృందం 2015లో గర్భిణుల కొవ్వు పరీక్షించింది. గర్భంలో షుగరు వచ్చిన తల్లుల కొవ్వులో కణాలు పెద్దవిగా, కేశనాళికలు పల్చగా ఉన్నాయి. గర్భం మోయడానికి కొవ్వు పెరగాలి, దానికి తగ్గట్టు నాళాలు పెరగలేదు. కాన్పయ్యాక షుగరు మామూలుకొచ్చిందని ఇంటికి పంపిన ఆ అమ్మలకు తర్వాతి ఏళ్లలో షుగరు వచ్చే ప్రమాదం మిగతావాళ్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మన కాలనీ డిస్పెన్సరీల్లో గర్భంలో షుగరు వచ్చినవాళ్ల పేర్లతో ఒక రిజిస్టరు పెట్టాలి. కాన్పయిన ఆరు వారాలకు ఒకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి వాళ్లను పిలిపించి నడుం, షుగరు, బీపీ చూడాలి. రానివాళ్ల ఇంటికి సిస్టర్ పోవాలి. గర్భంలో షుగరు వచ్చిందని డాక్టరు చెప్పిన అక్కలు ఈ సభలో ఉంటే, రిజిస్టరు వచ్చేదాకా ఆగకండి. ఈ వారంలోనే పరగడుపున పోయి షుగరు పరీక్ష చేయించుకోండి.